చచ్చుబడిన చేతికి మేలుకొలుపు

మనుష్యుడు తన చేతిని గూర్చి తలచుకొనుట అరుదు. ఉదయమున ముఖము కడుగుకొనుట మొదలు రాత్రి దీపమార్పువరకు చేయి చేయు పనులకు లెక్క లేదు. అన్నము కలుపుట, చొక్కాకు గుండీ పెట్టుకొనుట, సుద్దముక్క పట్టి నల్లబల్లపై అక్షరము దిద్దుట, పుస్తకమున పుట త్రిప్పుట, ఏడ్చు బిడ్డ కన్నీరు తుడుచుట - ఇవన్నియు తలంపు లేకయే జరిగిపోవును. చేతి విలువ తెలుగు నుడిలోనే నిక్షిప్తమై యున్నది. సాయమును ‘చేయూత’ యందురు. శక్తి చాలనిచో ‘చేతకాదు’ అందురు. పోయినదానిని ‘చేజారినది’ అందురు. మనస్సులోని సంకల్పము లోకములోనికి వచ్చుటకు గల ముఖ్యమైన త్రోవ చేయియే.

అట్టి త్రోవ ఒక్క నిమిషములో తెగిపోవచ్చును. తాటిచెట్టుపైనుండి జారిపడిన గీతకార్మికుడు, లోతు తెలియని చెరువులో తలక్రిందుగా దూకిన బాలుడు, రహదారిపై వాహనము బోల్తాపడిన ప్రయాణికుడు - వీరిలో నెవరికైనను మెడకడ వెన్నుపూస విరిగి, లోపలి వెన్నుపాము నలిగినచో, ప్రాణము నిలిచినను కాళ్ళును చేతులును స్వాధీనము తప్పును. మెదడు చక్కగా పనిచేయుచుండును. మాట స్పష్టముగ నుండును. దాహము వేయును, నీళ్ళు త్రాగవలెనను కోరికయు కలుగును. కాని ప్రక్కబల్లపైనున్న గ్లాసు అందని మ్రానిపండగును. ప్రపంచమున ఒక కోటి ఏబది లక్షలకు పైగా జనులు వెన్నుపాము దెబ్బతో జీవించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇట్టివారిని చూచినవారు సాధారణముగా ‘అయ్యో, నడవలేడే’ అని జాలిపడుదురు. కాని అనుభవించువారి మాట వేరు. 2004 వ సంవత్సరమున అమెరికాలో కిమ్ ఆండర్సన్ అను శాస్త్రజ్ఞురాలు 681 మంది బాధితులను ఒక ప్రశ్న అడిగెను. ఆమెయు వెన్నుపాము దెబ్బతోనే జీవించుచున్న వ్యక్తి. ‘ఏ శక్తి తిరిగి వచ్చినచో మీ జీవితము ఎక్కువ బాగుపడును?’ అన్నదే ఆ ప్రశ్న. కాళ్ళు చేతులు రెండును పడిపోయినవారిలో ఇంచుమించు సగముమంది కోరినది నడక కాదు, చేతులు. చక్రముల కుర్చీ కాళ్ళకు కొంతవరకు బదులు కాగలదు. చేతికి బదులైనది మరియొకరి చేయి మాత్రమే. ప్రతి ముద్దకును, ప్రతి గుక్కకును పరుల కొరకు ఎదురుచూచుట ఎంతటి భారమో ఆ జవాబే చెప్పుచున్నది.

ఆ కోరికకు ఇటీవలి సంవత్సరములలో ఒక దారి తెరచుకొన్నది. కత్తి పెట్టకుండ, శరీరములో ఏ యంత్రమును అమర్చకుండ, మెడవెనుక చర్మముపై అంటించిన చిన్న బిళ్ళలద్వారా మితమైన విద్యుత్తును వెన్నుపామునకు చేర్చి, దానితోపాటు చేతికి సాధన చేయించుటయే ఆ పద్ధతి. అది అద్భుతము కాదు, ఇంద్రజాలమును కాదు. కాని అది తారుమారు చేసిన పాత నమ్మకము చాల పెద్దది.

వెన్నుపాము - దాని శాఖలు

వెన్నుపాము ఇంచుమించు 18 అంగుళముల పొడవు, చిటికెనవ్రేలి లావు గల మెత్తని త్రాడు. మెదడునుండి ఆజ్ఞలను క్రిందికి దింపునదియు, శరీరమునుండి స్పర్శ, వేడి, నొప్పి మొదలగు వార్తలను పైకి చేర్చునదియు ఇదే. దీనినుండి 31 జతల నాడులు వెలువడును. వానిలో 8 జతలు మెడనుండి వచ్చును. మెడలోని అయిదవ జత ముఖ్యముగా మోచేతిని ముడుచుటకును, ఆరవది మణికట్టును పైకెత్తుటకును, ఏడవది మోచేతిని చాచుటకును, ఎనిమిదవది వ్రేళ్ళను ముడుచుటకును తోడ్పడును. వ్రేళ్ళను విడదీయు సన్నని కండరములకు రొమ్ముభాగపు మొదటి జత ఆధారము. కావున దెబ్బ ఒక్క పూస పైన తగిలినదా, క్రింద తగిలినదా అన్న తేడాయే ఒకని జీవితమును నిర్ణయించును. ఒక్క మెట్టు క్రిందనైనచో తన అన్నము తాను తినగలడు; పైనైనచో తినలేడు.

విద్యార్థులు ఈ విషయమునందు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. మోచేతిని బల్లపై ఆనించి, వ్రేళ్ళను పూర్తిగా వదులుచేసి, మణికట్టును మాత్రము మెల్లగా వెనుకకు వంచవలెను. వ్రేళ్ళు తమంతట తామే కొంత ముడుచుకొనును. మణికట్టును ముందునకు వాల్చినచో అవి విచ్చుకొనును. కండరములను ఎముకలకు కట్టియుంచు స్నాయువుల బిగువే దీనికి కారణము. వ్రేళ్ళు చచ్చుబడినను మణికట్టు మిగిలినవారు ఈ ఉపాయముతోనే చెంచాను, కాగితమును పట్టుకొనుట నేర్చుకొందురు. మిగిలిన కొంచెమును వదలక వినియోగించుకొనుటయే ఈ రోగుల జీవితసూత్రము. క్రొత్త చికిత్సకును మూలము అదియే.

చికిత్స లేదన్న తీర్పు

వెన్నుపాము దెబ్బను వైద్యులు గుర్తించుట క్రొత్త కాదు. క్రీస్తునకు పూర్వము 1600 ప్రాంతమున ఈజిప్టులో వ్రాయబడిన ఒక వైద్యగ్రంథము నేటికిని నిలిచియున్నది. 1862 లో దానిని కొన్న ఎడ్విన్ స్మిత్ పేర అది ప్రసిద్ధమైనది. మెడపూస తప్పి చేతులయందును కాళ్ళయందును స్పృహ పోయిన రోగిని అందు చక్కగా వర్ణించిరి. చివరకు ఇది చికిత్సకు లొంగనిదని తేల్చిరి. ఆ తీర్పు మూడువేల అయిదువందల యేండ్లు చెల్లుబడి యైనది.

ఇరువదవ శతాబ్దపు ఆరంభమున స్పెయిను దేశపు మహాశాస్త్రవేత్త కహాల్ నాడీకణములను సూక్ష్మదర్శినిలో పరిశీలించి, పెద్దవారి మెదడునందును వెన్నుపామునందును తెగిన తంతువులు మరల పెరిగి అతుకుకొనవని నిర్ధారించెను. అయినను ఈ కఠినశాసనమును మార్చుట భావిశాస్త్రము పని యనియు ఆయనయే సూచించెను. తరువాతివారిలో పెక్కుమంది మొదటి మాటను గుర్తుంచుకొని రెండవదానిని మరచిరి.

రోగుల ప్రాణములను నిలుపుట మాత్రము ఈలోగా సాధ్యమైనది. 1944 లో ఇంగ్లండునందు స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు యుద్ధములో వెన్ను విరిగిన సైనికుల కొరకు ప్రత్యేక విభాగమును నెలకొల్పెను. అంతకుముందు వారు పుండ్లతోను, మూత్రకోశ వ్యాధులతోను కొలదికాలములోనే మరణించెడివారు. గుట్‌మన్ వారిని ప్రక్క మార్చి పరుండబెట్టించెను, వ్యాయామము చేయించెను, 1948 లో 16 మందిచేత విలువిద్య పోటీ ఆడించెను. నేటి పారాలింపిక్ క్రీడలకు అదియే బీజము. మనిషి బ్రదికెను. కాని చేయి బ్రదుకలేదు. దెబ్బ తగిలిన తరువాత మొదటి సంవత్సరములో వచ్చినదే రాబడి, ఆపై రాదు అన్న అభిప్రాయము వైద్యలోకమున స్థిరపడినది.

కప్పకాలు మొదలు కండరమువరకు

విద్యుత్తునకును నాడులకును గల చుట్టరికము 18 వ శతాబ్దముననే బయటపడినది. ఇటలీలోని బొలోన్యా నగరమున లూయీజీ గాల్వానీ చచ్చిన కప్ప కాళ్ళు విద్యుత్తు తగిలినంతనే కొట్టుకొనుట చూచి, 1791 లో ఆ వృత్తాంతమును ప్రకటించెను. తరువాత ఫ్రాన్సులో డ్యూషేన్ అను వైద్యుడు చర్మముపైనుండి విద్యుత్తు పంపి ఒక్కొక్క కండరమును విడివిడిగా కదిలించి చూపెను. 1961 లో అమెరికాలో లిబర్సన్ అను వైద్యుడు, పక్షవాతముచే పాదము వ్రేలాడువారికి అడుగు వేయునప్పుడెల్ల పాదమును పైకెత్తు విద్యుత్ సాధనమును వాడెను.

చేతి విషయమున పెద్ద ప్రయత్నము క్లీవ్‌లాండ్ నగరమున జరిగినది. హంటర్ పెక్‌హామ్ అను ఇంజనీరును ఆయన సహచరులును చేతికండరములకు తీగెలు అమర్చి, వానిని ఛాతీలోని యంత్రముతో కలిపిరి. రోగి తన భుజమును కదిలించినచో యంత్రము చేతిని మూయును. మరియొకవిధముగ కదిలించినచో తెరచును. 1997 లో అమెరికా ప్రభుత్వసంస్థ దీనికి అనుమతి నిచ్చెను. రెండువందలకు పైగా రోగులు దానిని పొందిరి. సాధనము పనిచేసెను, కాని వ్యాపారము సాగలేదు. 2001 లో దానిని తయారుచేయు కంపెనీ ఆ పనినుండి తప్పుకొనెను. సాధనమును శరీరములో ధరించినవారు తయారీదారు లేని యంత్రముతో మిగిలిరి. వైద్యమునందు కనిపెట్టుట ఒక ఎత్తు. నిలుపుకొనుట మరియొక ఎత్తు అని ఈ చరిత్ర తెలుపుచున్నది.

ఈ సాధనములన్నిటికిని ఒక సమానలక్షణము కలదు. కండరమును కదిలించునది యంత్రము. రోగి సంకల్పము కాదు. మెదడునుండి చేతికి గల సహజమైన త్రోవ పూర్తిగా పోయినదనియే వీని ఊహ. ఆ ఊహ అందరి విషయమున నిజమా?

మిగిలిన పోగులు

నిజము కాదని క్రమముగా తెలియవచ్చెను. వెన్నుపాము కత్తితో కోసినట్లు రెండు తునకలగుట అరుదు. సాధారణముగా అది నలుగును, వాచును, నడుమ కొంత నశించును, అంచున కొన్ని తంతువులు మిగులును. మిలాన్ దిమిత్రియెవిచ్ అను శాస్త్రజ్ఞుడు సున్నితమైన విద్యుత్ పరీక్షలద్వారా, కదలిక యేమియు లేనివారిలోను మెదడు ప్రభావము గాయమును దాటి క్రిందికి వచ్చుచున్నదని చూపెను. అనగా త్రాడు తెగలేదు, పోగులు సన్నగిల్లినవి. ఆజ్ఞ చేరుచున్నది, కాని వినబడుట లేదు.

2011 లో అమెరికాలోని లూయీవిల్ నగరమునుండి సుసాన్ హర్కెమా, రెజ్జీ ఎడ్జర్టన్ మున్నగువారు ప్రకటించిన ఫలితము శాస్త్రలోకమును ఆశ్చర్యపరచెను. రొమ్ముక్రింద చచ్చుబడిన యువకుని వెన్నుపాముపై విద్యుత్ పలకను శస్త్రచికిత్సతో అమర్చగా, అతడు తన ఇచ్ఛచే కాళ్ళను కొంత కదల్పగలిగెను. ఆ పలక నిజమునకు నొప్పి తగ్గించుటకై తయారైనది. 2016 లో లాస్ ఏంజిలిస్ వైద్యులు మెడలో అట్టి పలకనే అమర్చి, ఇద్దరు రోగుల చేతిపట్టు మెరుగగుట చూచిరి.

అయినను వెన్నులో శస్త్రచికిత్స యనగా అందరికి సాధ్యమైనది కాదు. ఖర్చు, క్రిములు సోకు భయము, అమర్చిన తీగె జరుగుట - ఇట్టి చిక్కులు కలవు. చర్మముపైనుండియే ఆ పని చేయరాదా యను ప్రశ్న పుట్టినది. రష్యాలో పావ్లోవ్ పేరగల శరీరశాస్త్ర సంస్థకు చెందిన యూరీ గెరసిమెంకో, ఎడ్జర్టన్‌తో కలిసి దీనికి దారి చూపెను. చర్మముపై బలమైన విద్యుత్తు పెట్టినచో మంట పుట్టును. అందుచే వారు విద్యుత్తును సెకనుకు 10,000 మారులు ఊగు సన్నని అలలుగా మార్చి, ఆ అలలను చిన్నచిన్న గుత్తులుగా పంపిరి. అట్లు చేసినచో బాధ లేకుండ లోతునకు చేరునని వారి వివరణ. 2015 లో వారు అయిదుగురు పక్షవాత రోగులపై ఈ పద్ధతి వాడి, కాళ్ళలో స్వచ్ఛందమైన కదలికను చూపిరి.

తరువాతి ప్రశ్న చేతులది. అమెరికాలో సియాటిల్ నగరమునందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున చెట్ మోరిట్జ్, ఫాత్మా ఇనానిచి యను శాస్త్రజ్ఞులు దీనిని చేపట్టిరి. 2018 లో ఒక్క రోగితోను, 2021 లో ఆరుగురితోను వారు తమ ఫలితములను ప్రకటించిరి. ఆ ఆరుగురిలో గాయమై పన్నెండేండ్లు గడచినవారును కలరు. పాత లెక్క ప్రకారము వారి రాబడి ఎప్పుడో ముగిసినట్లే. కాని చేతికి బలము వచ్చినది. చికిత్స ఆపిన తరువాత మూడునుండి ఆరు నెలలవరకు ఆ మెరుగు నిలిచినది. కొందరు తిరిగి గిటారు వాయించుట, తైలవర్ణ చిత్రములు వేయుట మొదలిడిరి.

కాలువయు తూమును

ఇది పనిచేయు విధమును కృష్ణా గోదావరి మండలముల బాలురకు ఒక పోలికతో చెప్పవచ్చును. పెద్దకాలువకు ఎగువ గండి పడినదనుకొనుడు. దిగువకు నీరు పూర్తిగా ఆగలేదు. సన్నని ధార వచ్చుచునే యున్నది. కాని పంటబోదె తూము ఆ ధారకంటె ఎత్తున నున్నది. ధార తూమును అందుకొనలేదు, చేను ఎండిపోవుచున్నది. చూచువారు కాలువ చచ్చినదందురు. ఇప్పుడు మరియొక ప్రక్కనుండి కొంత నీరు చేర్చి కాలువ మట్టమును తూము అంచువరకు పెంచినచో, ఎగువనుండి వచ్చు ఆ కొద్దిపాటి ధారయే అంచు దాటి చేనిలోనికి పారును.

వెన్నుపాములోని చేష్టానాడీకణములకును ఇట్టి అంచు కలదు. వానికి చేరు ప్రేరణ ఒక మట్టమును దాటిననే అవి కండరమునకు ఆజ్ఞ పంపును. చర్మముపై బిళ్ళలనుండి లోనికి వ్యాపించిన విద్యుత్తు ముఖ్యముగా వెన్నుపామునకు వెనుకవైపునుండి ప్రవేశించు జ్ఞాననాడులను మేల్కొలుపును. సెకనుకు 30 మారుల చొప్పున ఆ నాడులు పంపు సంకేతములు చేష్టానాడీకణములను అంచుదాక తెచ్చి నిలుపును. అంతే. చేతిని అవి కదిలింపవు. కదిలించునది, గాయమును తప్పించుకొని వచ్చిన రోగి సంకల్పము. యంత్రము ఆజ్ఞాపించుట లేదు; ఆజ్ఞను వినునట్లు చేయుచున్నది. క్లీవ్‌లాండ్ సాధనమునకును దీనికిని గల భేదము ఇదియే.

కాని మట్టము పెంచినంత మాత్రమున పని పూర్తికాదు. విద్యుత్తు ప్రవహించుచుండగనే రోగి చేతిపని చేయవలెను. చిన్న వస్తువులను ఏరుట, డబ్బీ మూత త్రిప్పుట, తాళముచెవి పట్టుట, కలముతో గీయుట - ఇట్టి పనులు గంటలకొలది, వారములకొలది సాగవలెను. ఏకకాలమున పనిచేయు నాడీకణముల నడుమ బంధము బలపడునని 1949 లో కెనడా మనోవిజ్ఞాని డోనాల్డ్ హెబ్ ప్రతిపాదించెను. బాలుడు అక్షరములు దిద్ది దిద్ది వ్రాత నేర్చుకొనునట్లే, మిగిలిన పోగులు వాడి వాడి గట్టిపడును. చికిత్స ఆపిన పిమ్మటను కొంతకాలము మెరుగు నిలుచుటకు ఇదియే కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. సాధన లేని విద్యుత్తు బలపము లేని పలకవంటిది.

అరువదిమంది పరీక్ష

ఒకరిద్దరిపై కలిగిన మేలు అందరికి కలుగునని చెప్పరాదు. అందుచే అమెరికా, కెనడా, ఐరోపాలలోని 14 వైద్యకేంద్రములలో పెద్ద పరీక్ష జరిగినది. దాని ఫలితము 2024 మే నెలలో ‘నేచర్ మెడిసిన్’ పత్రికయందు వెలువడినది. మెడకడ గాయము గల 65 మంది అందు చేరిరి. 60 మంది విద్యుత్ చికిత్స పొందిరి. వారిలో గాయమై 34 సంవత్సరములు గడచినవారును ఉండిరి.

పరీక్ష నడిపిన తీరు గమనింపదగినది. మొదటి రెండు నెలలు అందరికిని కేవలము వ్యాయామచికిత్స చేసిరి. సాధనచేతనే రాదగిన మెరుగును ముందే రాబట్టుట దీని ఉద్దేశము. ఆపై రెండు నెలలు అదే సాధనకు విద్యుత్ ప్రేరణను జోడించిరి. అప్పుడు కనబడిన అదనపు మెరుగును మాత్రము లెక్కకు తీసికొనిరి. బలము ఒక్కటే పెరిగినచో చాలదు. పనితనము ఒక్కటే పెరిగినను చాలదు. రెండును పెరిగినవారినే మేలు పొందినవారిగా ఎంచిరి. అట్టి కొలతకు నూటికి 72 మంది నిలిచిరి. వ్రేళ్ళ కొనలతో నొక్కు బలము, వస్తువును పట్టుకొను నేర్పు, స్పర్శజ్ఞానము కూడ మెరుగైనవి. ఈ చికిత్స కారణముగ తీవ్రమైన హాని ఎవరికిని కలుగలేదు. 2024 డిసెంబరులో అమెరికా ఆహార ఔషధ పరిపాలన సంస్థ, నెదర్లాండ్సుకు చెందిన ఆన్‌వర్డ్ కంపెనీ తయారుచేసిన ఈ సాధనమును వైద్యశాలలలో వాడుటకు అనుమతించెను.

ఈ ఫలితములోని ముఖ్యమైన సంగతి నూటికి ఎందరన్న సంఖ్య కాదు. 34 అన్న సంఖ్య. ‘ఏడాది దాటినచో ఇక రాదు’ అన్న మాట విని మూడు దశాబ్దములు గడపినవానికిని తలుపు పూర్తిగా మూసికొనలేదని తేలినది. రోగులకు వైద్యులు చెప్పిన తీర్పులో కొంత శరీరధర్మము, కొంత అప్పటి వైద్యుల చేతకానితనము కలిసియుండెనని దీనివలన గ్రహింపవచ్చును.

ఆశకు హద్దులు

ఇట్టి వార్తను చదువునప్పుడు మూడు విషయములు మరువరాదు.

మొదటిది: ఈ పరీక్షలో చేరినవారందరికిని గాయము క్రింద కొంత స్పర్శయో కదలికయో మిగిలియున్నది. పరీక్షలకు ఏమియు మిగులలేదని తేలినవారిని చేర్చుకొనలేదు. కావున వారి విషయమున ఈ సంఖ్యలు వర్తింపవు. అనుమతియు అసంపూర్ణ గాయములవారికే పరిమితము.

రెండవది: ఇందు ఉత్తుత్తి విద్యుత్తుతో పోల్చిచూచిన వేరు జట్టు లేదు. ప్రతివానిని అతని పూర్వస్థితితోనే పోల్చిరి. మందు పనిచేయునన్న నమ్మకమే కొంత మేలు చేయుట వైద్యులకు తెలిసిన విషయము. మొదటి రెండు నెలల సాధన ఈ లోపమును కొంత తగ్గించును గాని పూర్తిగా తీర్చదు.

మూడవది: మెరుగు అనగా పూర్వపు చేయి తిరిగివచ్చుట కాదు. ఒకరికి గ్లాసు పట్టు వచ్చును. ఒకరికి గుండీ పెట్టు నేర్పు వచ్చును. ఒకరికి వ్రేలికొనలలో స్పర్శ మాత్రము తెలియును. కొందరికి ఏమియు రాదు. అంగడిలో నొప్పులకై అమ్మెడి విద్యుత్ పెట్టెలు ఈ సాధనము కావు. వానిని మెడపై పెట్టుకొని స్వంతవైద్యము చేసికొనుట ప్రమాదము. ‘నరములు అతికింతుము’ అని ప్రకటనలు వేయువారి చేత చిక్కి ఇల్లు గుల్లచేసికొనుట అంతకంటె ప్రమాదము.

మన నేలపై

క్రొత్త యంత్రము ప్రతి ఊరికిని వచ్చుసరికి కాలము పట్టును. కాని పడిపోయిన చేతిని నిలబెట్టు యత్నమునకు దక్షిణభారతము క్రొత్తది కాదు. తెలుగు నేలకు పొరుగుననే యున్న వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1940 ల చివర పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు, కుష్ఠురోగముచే వ్రేళ్ళు కొంకరలు పోయినవారికి, పనిచేయుచున్న కండరపు స్నాయువును పనిచేయని వ్రేళ్ళకు మార్చి కుట్టి చేతిపట్టు రప్పించెను. స్నాయువును మార్చు ఇట్టి శస్త్రచికిత్సనే నేడు మెడగాయముల రోగులకును చేయుదురు. అక్కడనే పనిచేసిన మేరీ వర్గీస్ అను యువవైద్యురాలు 1954 లో మోటారు ప్రమాదములో వెన్ను దెబ్బతిని, నడుముక్రింద స్వాధీనము కోల్పోయెను. ఆమె చేతులు మిగిలినవి. చక్రముల కుర్చీలో కూర్చుండి ఆమె కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. తరువాత పునరావాస వైద్యమును అభ్యసించి వచ్చి, 1966 లో వెల్లూరులో తెరువబడిన పునరావాస సంస్థకు ప్రాణము పోసెను. చేయి మిగిలిన మనిషి ఎంతమందికి చేయూత కాగలదో చెప్పుటకు వేరు దృష్టాంతము అక్కరలేదు.

యంత్రముకంటె ముందు వచ్చినది జాగ్రత్త. తాటిచెట్టునుండి పడుట తెలుగుదేశపు పల్లెలలో తరతరముల దుఃఖము. 2024 లో తెలంగాణ ప్రభుత్వము గీతకార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచము’ పేర త్రాళ్ళు, పట్టీలు గల భద్రతాసాధనములను పంచుట మొదలిడెను. ఒక్క పట్టీ తప్పించిన ప్రమాదమును ఏ విద్యుత్తును తరువాత పూర్తిగా సరిదిద్దజాలదు.

పాఠశాలలో బోధింపదగిన సంగతియు ఒకటి కలదు. ఎత్తునుండి పడినవానిని, రహదారి ప్రమాదములో మెడనొప్పి యనువానిని, కాళ్ళు చేతులు తిమ్మిరెక్కినవని చెప్పువానిని, నలుగురు చేరి కాళ్ళు చేతులు పట్టి ఎత్తరాదు, కూర్చుండబెట్టరాదు, తల త్రిప్పరాదు. మంటయో నీరో వంటి అపాయము దగ్గర లేనిచో పడినచోటనే కదలకుండ ఉంచి, తలను మెడను రెండు ప్రక్కల చేతులతో నిలిపి, 108 కు కబురు చేయవలెను. మిగిలిన పోగులే తరువాతి చికిత్సకు మూలధనమని ఈ వ్యాసము చదివినవారికి విదితము. ఆత్రముతో ఎత్తిన చేతులు ఆ పోగులనే తెంపవచ్చును. నిలిపి పట్టిన చేతులు వానిని కాపాడును.

వెన్నుపాము గాయమునకు సంపూర్ణ చికిత్స ఇంకను దొరకలేదు. తెగిన తంతువులను తిరిగి పెంచు యత్నములు వేరుగా సాగుచున్నవి. కాని వ్రేలికొనలో పెరిగిన ఈ కొద్ది బలమును తేలికగా చూడరాదు. ఒక మనిషి ఏండ్ల తరువాత ఎవరిని పిలువకుండ తన చేతితో గ్లాసు నెత్తి గ్రుక్కెడు నీళ్ళు త్రాగినచో, కొలత పట్టికలో అది ఒకటి రెండు అంకెల మార్పు. ఆ ఇంటివారికి అది పండుగ.